అద్దె బాకీకి ఠాణా దారి కాదు

సెంటరులో కొట్టును లీజుకు తీసుకున్న వ్యాపారి కొన్ని నెలలు అద్దె సక్రమంగా కట్టి, బేరాలు తగ్గాక బకాయి పడతాడు. యజమాని '420 కేసు పెట్టండి' అంటూ ఠాణాకు వెళతాడు. పల్లెల్లో ఇది తరచు జరిగేదే.

అయితే మాట తప్పినంత మాత్రాన మోసం కాదు. ఒప్పందం నాడే దురుద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది. తనది కాని కొట్టును దొంగ పత్రాలతో లీజుకిచ్చి అడ్వాన్సు కాజేస్తే నేరం. 420కి బదులు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318 సెక్షను అమలులో ఉంది.

ఉత్త అద్దె బాకీ సివిల్ తగాదాయే. బాకీ పడిన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వేయాలి. ఠాణా చుట్టూ తిరిగినా ఆ గడువు ఆగదు. ఒప్పందపత్రం, రసీదులు భద్రపరచుకోవాలి. ఇరువురూ సమ్మతిస్తే లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు.