ఆవువా కోట: విచారణకు ముందే శిక్ష

జనవరి 24వ తేది యనగానే ఆంధ్రులకు బొబ్బిలి జ్ఞప్తికి వచ్చును. 1757వ సంవత్సరమున ఆ దినముననే బుస్సీ ఫిరంగులకును, విజయనగర ప్రభువుల పగకును గుఱియై బొబ్బిలికోట నేలగూలెను. ఆ కథను జంగముల నోటనో బుఱ్ఱకథలోనో వినని తెలుగువాడుండడు. సరిగా నూటయొక సంవత్సరములకు పిమ్మట, 1858 జనవరి 24వ తేదిని, మన దేశభాగమునకు మిక్కిలి దూరమున, మార్వాడు సీమలో మఱియొక కోట ఆంగ్లేయ సేనల వశమయ్యెను. దాని పేరు ఆవువా. నేటి రాజస్థానమున పాలీ జిల్లాలోని యొక గ్రామమది. బొబ్బిలిని కన్నులకు గట్టినట్లు చెప్పగల మనవారిలో ఆవువా పేరు విన్నవారు అరుదు.

ఆ కోట నేలిన చాంపావతు వంశముయొక్క చరిత్రము కేవలము వీరగాథా వినోదమునకై తెలిసికొనదగినది కాదు. రాజాధికారమునకు హద్దెక్కడ? విచారణ జరుగకమున్నే శిక్ష విధింపవచ్చునా? ఈ ప్రశ్నలు రెండును ఆ కోట శిథిలములలో నిమిడి యున్నవి.

చాంపావతులు రాఠోడు రాజపుత్రులు. మండోరు నేలిన రావు రణమల్లునకు పెక్కండ్రు కుమారులు. వారిలో రావు జోధా 1459లో జోధపురమును నిర్మించెను. వేఱొక కుమారుడగు చాంపా పేరనే చాంపావతు శాఖ వెలసినది. జోధా సంతతికి సింహాసనము దక్కెను. చాంపా సంతతికి కోటలును జాగీరులును దక్కెను. పోకరణు, ఆవువా అనునవి ఈ శాఖకు రెండు ముఖ్యస్థానములు. జోధపుర దర్బారులో రణమల్లుని తక్కిన కుమారుల సంతతివారు రాజునకు కుడిప్రక్కను, జోధా సంతతివారు ఎడమప్రక్కను కూర్చుండుట ఆచారము. చూచుటకిది యాసనముల వరుస మాత్రమే. కాని ఆ వరుసలో నొక రాజనీతి సిద్ధాంతమే యున్నది.

ఆ సిద్ధాంతము ప్రకారము రాజ్యము రాజొక్కని సొత్తు గాదు; వంశమున కంతటికిని చెందినది. రాజు అన్నదమ్ములలో పెద్దవాడు. ఠాకురులు ఆయన సేవకులు గారు, భాగస్వాములగు సోదరులు. యుద్ధము వచ్చినప్పుడు ఠాకురు తన జాగీరు విలువకు తగిన యశ్వికులను తోడ్కొని పోవలెను. 'రేఖు' అను పన్ను చెల్లింపవలెను. తండ్రి గతించి కుమారుడు గద్దెనెక్కునపుడు 'హుకుంనామా' అను రుసుము సమర్పింపవలెను. దీనికి ప్రతిగా రాజు అకారణముగా జాగీరును లాగికొనరాదు. వంశమర్యాదకు భంగము గలిగింపరాదు. ఇదంతయు ఏ శాసనమునందును వ్రాయబడలేదు. అయినను శతాబ్దుల తరబడి చెల్లుబడి యైన రాజ్యాంగమది. రాజు బలవంతుడైనచో దానిని వంచుచుండెను. ఠాకురులు బలవంతులైనచో దానిని తమవైపునకు లాగుచుండిరి. ఎవ్వరును దానిని పూర్తిగా త్రెంచివేయ సాహసింపలేదు.

ఈ హద్దును గూర్చిన వివాదములకు ఆవువా మొదటినుండియు వేదికయే. 1586లో జోధపుర ప్రభువగు మోటారాజా ఉదయసింహుడు చారణులకు పూర్వరాజు లిచ్చిన దానగ్రామములను స్వాధీనము చేసికొనెను. చారణులు రాజపుత్రుల కవులు, వంశచరిత్రకారులు. వారు ఆయుధములు పట్టలేదు. ఆవువాలోని కామేశ్వర మహాదేవుని యాలయము కడ చేరి ధర్ణాకు గూర్చుండిరి. రాజు మనసు కరుగకపోగా వారిలో ననేకులు ఆ దేవుని సన్నిధినే ప్రాణత్యాగ మొనర్చిరి. ఆ దినములలో రాజు కోపమునకు వెఱవక వారికండగా నిలిచినవాడు గోపాలదాసు చాంపావతు. దానమిచ్చిన భూమిని రాజు తన యిచ్చవచ్చినట్లు మరల పుచ్చుకొనవచ్చునా యను వ్యాజ్యమును ఒక జాతి జాతియంతయు తన ప్రాణములొడ్డి వాదించిన చోటది. ఇంచుమించు మూడు శతాబ్దుల పిమ్మట అదే చోట అదే ప్రశ్న వేఱొక రూపమున తలయెత్తినది.

ఈ నడుమ నొక గొప్ప మార్పు సంభవించెను. 1818 జనవరి 6వ తేదిని జోధపురము ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొనెను. సాలునకు 1,08,000 రూపాయల కప్పమును, కోరినపుడు 1,500 మంది యశ్వికులను ఇచ్చుటకు రాజ్యము కట్టుపడెను. 1835లో ఆ యశ్వికులకు మాఱుగా సాలునకు 1,15,000 రూపాయలు పుచ్చుకొని, ఆ సొమ్ముతో కంపెనీవారు 'జోధపుర లీజియను' అను దళమును పోషింపసాగిరి. ఆ దళమునకు ఎరిన్‌పురాలో దండుబాట నేర్పడెను. అందలి యధికారి యగు ఐర్లండు దేశస్థుడొకడు తన జన్మభూమి పేర ఆ తావునకు 'ఎరిన్' పురమని పేరిడెనట!

సంధిపత్రమున వ్రాయని ఫలిత మొకటి దీనివలన గలిగెను. అంతవఱకును రాజునకు సైన్యమనగా ఠాకురులే. వారిని నొప్పించినచో యుద్ధకాలమున తోడు వచ్చువారుండరు. ఈ భయమే రాజాధికారమునకు కళ్లెమై యుండెను. కంపెనీ పటాలము అండ నున్న పిమ్మట రాజునకు సోదరులతో పనిలేకపోయెను. పాత రాజ్యాంగమును ఎవ్వరును రద్దు చేయలేదు; దాని ఆధారమును మాత్రము తొలగించిరి. 1843లో మానసింహ మహారాజు గతింపగా, గుజరాతు ప్రాంతమందలి అహమ్మదునగరమునుండి తఖ్తసింహుడు వచ్చి గద్దె నెక్కెను. ఆయన కాలమున హుకుంనామా రుసుములను గూర్చియు, జాగీరు హక్కులను గూర్చియు ఠాకురులతో వైరములు ముదిరెను. ఆ ఠాకురులలో నగ్రగణ్యుడు ఆవువా ప్రభువు కుశాలసింహ చాంపావతు.

1857 ఆగస్టులో ఆబూ పర్వతమునను ఎరిన్‌పురాలోను జోధపుర లీజియను సిపాయిలు తిరుగబడి ఢిల్లీ దారి పట్టిరి. దారిలో వారిని తన కోటలో చేర్చుకొన్నవాడు కుశాలసింహుడు. ఆసోపు, గూలరు, ఆలణియావాసు ఠాకురులును ఆయనతో చేరిరి. రాజు సొమ్ముతో పెరిగిన పటాలము, రాజునకు దూరమైన సోదరులు ఒక్క కోటలో కలిసికొనుట చరిత్రలోని వింతలలో నొకటి.

సెప్టెంబరు 8వ తేదిని బిఠోడా వద్ద జోధపుర సేన ఓడిపోయెను. దాని నాయకుడగు అనాడసింహుడు రణరంగమున గూలెను. 18వ తేదిని రాజపుతానా గవర్నరు జనరలు ఏజెంటగు జార్జి లారెన్సు స్వయముగా సేనతో వచ్చి చేలావాసు కడ తలపడి, ఫలము గానక అజమీరునకు మరలిపోయెను. లారెన్సును కలిసికొనుటకై జోధపురమునుండి బయలుదేరిన పొలిటికలు ఏజెంటు కాప్టెను మాంక్ మేసను, తిరుగుబాటు దళమును తమ సేనయని పొరపడి దానిలోనికే పోయి ప్రాణములు గోల్పోయెను. అతని తలను నఱకి ఆవువా కోటద్వారమున వ్రేలాడగట్టిరి.

ఈ కార్యమును కొనియాడుటకు నా కలము సాగదు. చచ్చినవాని తలను తోరణము గట్టుట ఏ పక్షమువారు చేసినను హేయమే. కాని ఆ పని అనాగరకుల యాచారమని వ్రాసిన ఆంగ్లేయులకు జవాబు మన రాయలసీమలోనే యున్నది. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరిదీసిన కంపెనీ ప్రభుత్వము, ఆయన తలను కోయిలకుంట్ల కోట బురుజుపై 1877వఱకు, ముప్పది సంవత్సరములు, వ్రేలాడనిచ్చెను. మార్వాడులోని క్రౌర్యము యుద్ధావేశమున జరిగినది. కోయిలకుంట్లలోనిది ప్రభుత్వాజ్ఞ చొప్పున సాగినది. ఈ భేదమును న్యాయశాస్త్ర మెఱిగినవారు గుర్తింపగలరు.

లీజియను సిపాయిలు అక్టోబరులో ఢిల్లీ వైపునకు సాగిపోయిరి. ఢిల్లీ యప్పటికే సెప్టెంబరు 20వ తేదిని ఆంగ్లేయుల కైవసమై యుండెను. నవంబరు 16వ తేదిని నారనౌలు వద్ద వారు ఓడి చెదరిపోయిరి. ఆవువా ఒంటరిదయ్యెను.

1858 జనవరి 20వ తేదిని కల్నలు హోమ్సు సేనతోను ఫిరంగులతోను వచ్చి కోటను ముట్టడించెను. 23వ తేది రాత్రి గాలివాన చెలరేగెను. ఆ చీకటిలో కుశాలసింహుడు కోటను తమ్ముడగు లాంబియా పృథ్వీసింహునకు అప్పగించి మేవాడు దిక్కునకు వెడలిపోయెను. మఱునాడు కోట ఆంగ్లేయుల వశమయ్యెను. వాన మఱుగున కోటలోనివారు జాఱిపోయిరని సర్కారు పక్షమువారు చెప్పిరి. లోనివాడొకడు లంచము గొని ద్వారము తెఱచెనని మార్వాడు జనులు చెప్పుకొందురు.

కోట వశమైనంతట పని ముగిసియుండవలసినది. అట్లు జరుగలేదు. బురుజులను, ప్రాకారములను, నివాసములను మందుగుండు పెట్టి పేల్చిరి. ఆ వంశమువారి యారాధ్యదేవతయగు సుగాలీ మాత విగ్రహమునుగూడ వదలలేదు. పది శిరస్సులును ఏబదినాలుగు చేతులును గల ఆ నల్లరాతి మూర్తిని పెఱికి తీసికొనిపోయిరి. అది పిమ్మట అజమీరు మ్యూజియమునకును, తుదకు పాలీ మ్యూజియమునకును చేరెను. ఊరి దేవత గాజు బీరువాల నడుమ ప్రదర్శన వస్తువయ్యెను.

ఇక కుశాలసింహుని మాట. మేవాడులోని కోఠారియా రావతు జోధసింహుడును, సలూంబరు రావతు కేసరీసింహుడును ఆయనకు ఆశ్రయ మొసగిరి. ఆంగ్లేయులు వెదకుచున్న మనుష్యుని ఇంట దాచుట తమ జాగీరులకే చేటని వారెఱుగక కాదు. శరణన్నవానిని విడువరాదను ధర్మము వారికి అంతకన్న పెద్దదయ్యెను.

1858 నవంబరు 1వ తేది రాణీ ప్రకటన తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష నొసగెను. ఆంగ్లప్రజల హత్యలో స్వయముగా పాల్గొన్నవారిని మాత్రము మినహాయించెను. కావున మేసను వధలో ఠాకురు చేయి యుండెనా లేదా యనునదే ఆయన పాలిటికి జీవన్మరణ సమస్య యయ్యెను. 1860 ఆగస్టు 8వ తేదిని కుశాలసింహుడు నీమచ్‌లో తానై లొంగిపోయెను. మేజరు టేలరు అధ్యక్షతను విచారణ సంఘ మేర్పడెను. సంఘమువారు విచారించి నేరము ఋజువు గాలేదని తేల్చిరి. నవంబరు 10వ తేదిని ఆయన విడుదలయ్యెను. 1864లో ఉదయపురమున, పరాయి యూర, ఆయన కన్నుమూసెను.

ఈ తేదులను పాఠకులు వరుసగా నుంచి చూతురు గాక. కోటకు శిక్ష 1858 జనవరిలో. ప్రభువునకు విచారణ 1860 ఆగస్టులో. నిర్దోషియను తీర్పు ఆ నవంబరులో. శిక్షకును తీర్పునకును నడుమ రెండేండ్ల తొమ్మిది మాసములకు పైగా గడచెను. మనిషి విడుదలయ్యెను, పేలిపోయిన బురుజు విడుదల గాదు. న్యాయస్థానములలో జీవితము గడపుచున్న నావంటివారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. తీర్పు వచ్చునాటికి పొలము వేలమై, ఇల్లు జప్తియై, కడకు కాగితము మాత్రము చేతికి దక్కిన కక్షిదారులను మేము నిత్యమును చూచుచుందుము. విచారణకు ముందు శిక్ష పడినచో, పిదప వచ్చు న్యాయమెంత నిర్మలమైనను అది సగము న్యాయమే.

ఇంత వ్రాసినంత మాత్రమున ఠాకురుల పాలన స్వర్గమని నేననుట లేదు. కుశాలసింహుడు పోరాడినది ముందు తన జాగీరుకొఱకు, తన వంశమర్యాద కొఱకు. ఆయనను నేటి యర్థమున ప్రజానాయకుడనుట చరిత్రకు నగలు పెట్టుట. కోటను గట్టినవారు కూలివారు. రేఖును హుకుంనామాను తుదకు మోసినది రైతు వీపే. రాజునకు ఠాకురునకు నడుమనున్న వ్రాయని రాజ్యాంగమున రైతునకు కుడిప్రక్కను గాని ఎడమప్రక్కను గాని ఆసనము లేదు. కావుననే స్వతంత్ర భారతమున 1952లో రాజస్థాన జాగీర్ల రద్దు శాసనము వెలువడినపుడు, ఆ వ్యవస్థకై విలపించుటకు న్యాయమైన కారణము లేకపోయెను. అయితే ఆ శాసనమును, 1858 నాటి మందుగుండును ఒకే త్రాసులో తూచరాదు. ఒకటి చర్చించి, నష్టపరిహారము నిర్ణయించి, అందఱకును సమానముగా వర్తింపజేసిన చట్టము. రెండవది బెదరింపునకై చేసిన విధ్వంసము. పాతదానిని తొలగించుటయు, పాతదానిని పగతో కూల్చుటయు ఒక్కటి గాదు.

మార్వాడు పల్లెలలో హోలీ పండుగ నాళ్ల ఆవువా సమరమును గూర్చిన పాటలు పాడుకొనుట వాడుక. రాజులు గెలిచిన యుద్ధములు శాసనముల కెక్కును. ఓడిన కోటలు జనుల నోటికెక్కును. బొబ్బిలి విషయమున మన మెఱిగినదే యిది. బుస్సీ బిరుదులు మనకు జ్ఞప్తి లేవు. తాండ్ర పాపారాయని పేరు మాత్రము మఱువము. జనుల జ్ఞాపకము అప్పీలు లేని న్యాయస్థానము. అయినను అది ఇండ్లను మరల గట్టజాలదు. పెఱికిన దేవతను పీఠమున నిలుపజాలదు. ఆ పనికి శిక్షకు ముందే తెఱచియుండు న్యాయస్థానము కావలెను. ఇకమీదట జనవరి 24వ తేదిని బొబ్బిలిని తలచుకొనునపుడు, మనవారు ఆవువానుగూడ నొక్క నిమిషము తలచుకొందురు గాక.