‘పెడెస్ట్రియన్’ : పదము, పరమార్థము

బెంగుళూరు వీథులలో ‘పాదచారి మార్గ’ మను కన్నడ ఫలకమును చూచిన తెలుగువారికి దాని యర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు. పాదచారికి ఆంగ్లమున ‘పెడెస్ట్రియన్’ అని పేరు. పాదమను అర్థముగల లాటిన్ ‘పెస్’ శబ్దము దీనికి మూలము. సంస్కృత ‘పాద’ శబ్దమును, ఆంగ్ల ‘ఫుట్’ శబ్దమును దానికి జ్ఞాతులే.

అయితే ఈ పదమునకు నిందార్థము గూడ కలదు. రోమకులు ఆశ్వికుని అధికునిగను, పదాతిని సామాన్యునిగను ఎంచిరి. వారి దృష్టిలో పద్యము గుఱ్ఱపు స్వారి, గద్యము కాలినడక. ఆ భావమే 18వ శతాబ్దమున ఆంగ్లమునకు వచ్చినది. ‘పెడెస్ట్రియన్ శైలి’ యనగా చప్పని రచన. దానిని ‘పాదచారి శైలి’ యని తెనిగించినచో అర్థము చెడును.

తెలుగున నడకకు ఇట్టి హీనత లేదు. ‘పద్యము నడక బాగున్నది’ అనుట మెచ్చుకోలు. నడచు ధాతువునుండియే నడత, నడవడి పుట్టినవి. కన్నడమున ‘నడతె’, తమిళమున ‘నడత్తై’ అట్టివే.

వాహనముల వెల్లువలో బెంగుళూరు వీథిని దాటజాలక నిలిచిన వృద్ధుని చూచినపుడు, పాదచారిని మనము ఏ యర్థమున గ్రహించితిమో తెలియును. నడచువానికి దారి యిచ్చుట మన నడతకు గుర్తు.