ఎరుగని పద్దు

మన పెద్దలకు లెక్క పుస్తకాలు రెండు ఉండేవి. ఏనాటి ఇచ్చిపుచ్చుకోలు ఆనాడే వ్రాసుకొనేది చిట్టా. దానిని ఆసామీల వారీగా విడదీసి ఎత్తి వ్రాసుకొనేది ఆవర్జా. రెండింటిలోను ఒక్కొక్క వరుసను పద్దు అన్నారు. పద్దులోని పేరు చదవగానే ఆ మనిషి కళ్లయెదుట నిలిచేవాడు. అతని అంగడి ఏ వీధిలో ఉన్నదో, అక్కడ తెచ్చినది బెల్లమో గుడ్డలో కూడ గుర్తుకు వచ్చేది. ఇప్పుడు మన చిట్టాను మనకు బదులు బ్యాంకు వ్రాస్తున్నది. కాని అందులోని పేర్లు మనమెరిగిన పేర్లు కావు. చిక్కంతా అక్కడనే ఉన్నది.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాన్నే తీసుకొందాం. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే ఆ దారి మహా మర్రిచెట్లకు పేరుపడినది. ఇరుప్రక్కల పల్లెలలో చామంతి, గులాబి, కూరగాయలు పండిస్తారు. పూలు గుడిమల్కాపురం మార్కెట్టుకు పోతాయి. అక్కడ వ్రాసియిచ్చిన అమ్మకం చీటీని చూడకుండా జేబులో వేసుకొనే రైతు ఉండడు. తూకం ఎంత, ధర ఎంత, కమీషను క్రింద పోయినదెంత అని ఇల్లు చేరకముందే తేల్చుకొంటాడు. అంతటి లెక్కగాడు బ్యాంకు నుండి ఇంగ్లీషు పొడి అక్షరాలలో వచ్చిన ఒక్క వరుసను చూచి, బడికిపోయే కూతురికో కొడుకుకో అందిస్తాడు. నిజాం కాలంలో ఉర్దూలో నడచిన సర్కారు కాగితాన్ని ఎందరో తాతలు చదువుకొనలేకపోయినారు. పట్వారీ నోట వచ్చినదే లెక్క అయినది. ఆ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినది. తన లెక్కను తాను చదువుకొనలేని స్థితి మాత్రం వేషం మార్చుకొని తిరిగి వచ్చినది. ఈసారి చదివి చెప్పవలసినవాడు తొమ్మిదో తరగతి విద్యార్థి.

ఆ విద్యార్థి పని తేలిక కాదు. ఖాతాలో 649 రూపాయలు ఏదో కొనుగోలు క్రింద పోయినట్లు కనబడినదనుకొందాం. ఎవరు కొన్నారు? ఫోను తరచు పట్టుకొనేది అతడే గనుక మొదటి అనుమానం అతని మీదనే. అతడు కాదంటాడు. తండ్రి నమ్మడు. లేదా నిజంగానే ఏ ఆటకో ఖర్చు చేసి భయంతో నోరు విప్పడు. ఎటు చూచినా పోయిన 649 రూపాయల కంటె పెద్దది ఒకటి ఆ ఇంట పోవడానికి సిద్ధంగా ఉన్నది. అందువల్ల పద్దును చదివే విధం ముందు తెలియవలెను; తీర్పు తరువాత చెప్పవచ్చు.

దుకాణం బోర్డు మీది పేరు వేరు, కంపెనీ రిజిస్టరులోని పేరు వేరు కావచ్చు. బ్యాంకు పద్దులో రెండవది పడవచ్చు. ఇంటికి భోజనం తెచ్చియిచ్చే స్విగ్గీ వ్యాపారం ఏళ్ల తరబడి బండిల్ టెక్నాలజీస్ అనే కంపెనీ పేరున నడచినది. 2024లో గాని ఆ కంపెనీ స్విగ్గీ అన్న పేరు తీసుకొనలేదు. జొమాటో వారిది తిరుగుదారి. యాప్ పేరు అట్లాగే ఉంచి 2025లో కంపెనీకి ఎటర్నల్ అని క్రొత్త పేరు పెట్టుకొన్నారు. ఓలా బండ్ల వెనుక ఏ.ఎన్.ఐ. టెక్నాలజీస్, సినిమా టిక్కెట్లమ్మే బుక్ మై షో వెనుక బిగ్‌ట్రీ ఎంటర్‌టైన్‌మెంట్ ఉన్నవి. చేవెళ్ల దారిలో తిరిగేవాడు ఈ చివరి మాట చూచి, మర్రిచెట్టుకు నేనెప్పుడు రుసుము కట్టితిని అని విస్తుపోతే తప్పు పట్టలేము. మరికొన్ని పద్దులలో అమ్మినవాని పేరే ఉండదు. సొమ్మును ఇటునుండి అటు చేర్చే రేజర్‌పే, పేయు, బిల్‌డెస్క్ వంటి నడిమి సంస్థ పేరు మాత్రమే ఉంటుంది.

కాబట్టి పేరును కాసేపు ప్రక్కన పెట్టి, తక్కిన అక్షరాలు చూడవలెను. పి.ఓ.ఎస్. అని ఉంటే అంగడిలోని యంత్రం మీద కార్డు గీచినారని అర్థం. ఇ-కామ్ అన్నది ఆన్‌లైన్ కొనుగోలు. యు.పి.ఐ. అన్నచోట పన్నెండు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. చెల్లించిన యాప్‌లోని పాత చెల్లింపులలో అదే సంఖ్య దొరికితే సందేహం అప్పుడే తీరుతుంది. ఏ.సి.హెచ్. అన్నది మనం ఎప్పుడో ఇచ్చిన అనుమతి మీద దానంతట అది జరిగే కోత. మే నెలాఖరున 20 రూపాయలో 436 రూపాయలో పోయి ఉంటే, అది ఖాతా తెరచేటప్పుడు సంతకం చేసిన ప్రధానమంత్రి బీమా పథకాల ప్రీమియం కావచ్చు. 2022 జూన్ నుండి ఆ మొత్తాలు అవే. ఒకనెల ఉచితమని చెప్పి, రెండవ నెల నుండి కోసుకొనే చందాలు మరొక రకం. కార్డు మీద ఇట్టి కోతకు కనీసం 24 గంటల ముందు కబురు రావలెనని రిజర్వు బ్యాంకు చేసిన నిబంధన 2021 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. కనుక పద్దు తేదీకి ముందునాటి సందేశాలు కూడ వెదకవలెను. చాలామంది ఆ రోజువి మాత్రమే చూచి ఊరుకొంటారు.

మొత్తం సరిపోలకపోవడానికి కారణాలుంటాయి. చేర్చినందుకు రుసుము కలియవచ్చు. ఒక్కసారి కొన్నవి రెండు పొట్లాలై రెండు పద్దులుగా పడవచ్చు. రాత్రి కొన్నది మరునాటి తేదీన కనబడవచ్చు. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా ఈ కార్డు గుర్తులు దాచిపెట్టి ఉన్నవేమో చూడవలెను. అడిగే తీరు కూడ ముఖ్యం. “దొంగతనం చేసినావా” అంటే జవాబు రాదు. “ఇది దేనికైనదో చూద్దాం రా” అంటే పిల్లవాడే వెదకిపెడతాడు.

ఈ వెదకులాటకు ఒక సాయంకాలం చాలు. అంతకు మించి ఆలస్యం తగదు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో కాలానికి వెల కట్టినారు. తప్పు బ్యాంకుది కాక, ఖాతాదారుది కాక, నడుమ మరెక్కడనో జరిగినప్పుడు, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేసినవానికి నష్టం లేదు. నాలుగు నుండి ఏడు పనిదినాలలో చెప్పితే సామాన్యమైన పొదుపు ఖాతాదారు భరించవలసినది 10,000 రూపాయల వరకు ఉండవచ్చునని, అటు తరువాత బ్యాంకు తన విధానం ప్రకారం నిర్ణయిస్తుందని ఆ ఉత్తర్వు చెప్పినది. ఇట్టి అంకెలు సవరింపులకు లోనయ్యేవి గనుక ఇప్పటి పరిమితిని మీ బ్యాంకులోనే అడిగి తెలుసుకొనండి. రహస్య సంఖ్యను తానే ఇతరులకు చెప్పినవానికి ఈ రక్షణ లేదు. బ్యాంకుకు తెలియజేసేవరకు పోయినదంతా అతనిదే. కొడుకో కూతురో కొన్నదానిని దొంగ పద్దు అని ఫిర్యాదు చేయడం కూడ కూడదు. అది అబద్ధపు ఫిర్యాదు అవుతుంది.

ఫిర్యాదుకు ఫోను నంబరు కార్డు వెనుకనో పాసుపుస్తకం మీదనో ఉన్నదే వాడవలెను. ఇంటర్నెట్టులో వెదకి, మొదట కనబడిన నంబరుకు ఫోను చేసినవారు చిన్న పద్దును విచారించబోయి పెద్ద పద్దును కొనితెచ్చుకొన్నారు. మోసగాళ్లు బ్యాంకు పేరున అక్కడ తమ నంబర్లను పెట్టి కాచుకొని ఉంటారు. డబ్బు తిరిగి ఇస్తాం, పిన్ నొక్కండి అన్నవాడు తప్పక దొంగ. యు.పి.ఐ. పిన్ సొమ్ము పంపడానికే గాని అందుకొనడానికి కాదు. మోసమని తేలితే బ్యాంకుతో పాటు 1930 అనే జాతీయ నంబరుకు కూడ వెంటనే చెప్పవలెను.

మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. అయినా 108 ప్రదక్షిణలు చేసే భక్తులు తిరుగుతూనే చీటీ మీద ఒక్కొక్క గడి కొట్టివేసుకొంటారు. దేవుని దగ్గర కూడ లెక్క తమ చేతిలోనే ఉంచుకొన్నారు. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి, ఫోను మీద కొన్నదెల్లా తేదీ, మొత్తం, యాప్ పేరు వ్రాసుకొంటే బ్యాంకు వరుసతో సరిచూచుకొనడం పావుగంట పని. బడిలో వడ్డీ లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు, ఖాతా సంఖ్యలు చెరిపివేసిన పద్దులు నాలుగు బల్లమీద వ్రాసి పిల్లలచేత చదివించవచ్చు.

ఫిర్యాదు చేసినప్పుడు దాని సంఖ్యను, చేసిన తేదీని, గంటను అదే నోటుపుస్తకంలో వ్రాసుకొనండి. ముప్పది రోజులలో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ వివరాలే.