సంతకం సరే.. సంగతి తెలుసా?
అందం చికిత్సలకు ముందు అడగాల్సినవి ఎన్నో

హోసూరు: జుట్టు నాటించుకోవాలన్నా, పొట్ట కొవ్వు తీయించుకోవాలన్నా హోసూరు ప్రాంతవాసులు ఎక్కువగా బెంగళూరు బస్సెక్కుతారు. క్లినిక్‌లో ఇంగ్లిషులోనో, కన్నడంలోనో అచ్చేసిన కాగితాలు చేతికిచ్చి ‘ఏం లేదండీ, ఫార్మాలిటీ’ అంటే, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మనవాళ్లు చూపించిన చోటల్లా సంతకం చేసేస్తారు. తేడా వచ్చాకే ఆ కాగితం గుర్తొస్తుంది.

ఒక్కోసారి ప్రాణాలకే ముప్పు రావచ్చు. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తొలగింపు చికిత్స చేయించుకున్న 21 ఏళ్ల కన్నడ టీవీ నటి మృతిచెందారు.

కోర్టు ఏమంది?

పరీక్షకు మాత్రమే ఒప్పుకొన్న మహిళకు, మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. ఆ అనుమతి చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. అందం చికిత్సలకూ అదే సూత్రం. ఏం చేస్తారు, లాభమేంటి, వేరే దారి ఉందా, పెద్ద ముప్పులేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది.. ఇవన్నీ చెప్పాకే అది అంగీకారం. అందం చికిత్స అత్యవసరమేమీ కాదు కాబట్టి అర్థమయ్యే దాకా అడగొచ్చు, వాయిదా వేయొచ్చు.

సంతకం చేసినంత మాత్రాన నిర్లక్ష్యానికి మాఫీ ఉండదు. అలాగని అనుకున్నంత అందం రాలేదని డాక్టరును తప్పుపట్టలేం. ముప్పు దాచారా, జాగ్రత్త తప్పారా అన్నదే ప్రశ్న.

చేసేదెవరు?

వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో జుట్టు మార్పిడిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. టెక్నీషియన్ సాయం చేయొచ్చు గానీ బాధ్యత శిక్షణ పొందిన డాక్టరుదే. పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు ముందే అడగండి.

ఫిర్యాదు ఇంటి దగ్గరే..

2019 వినియోగదారుల రక్షణ చట్టం సరిహద్దు వాసులకు పెద్ద ఊరట. చికిత్స బెంగళూరులో జరిగినా, హోసూరు వాసి తాను ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఇవి మరవొద్దు

* తెలుగులోనో, తమిళంలోనో చదివి వినిపించమనండి.
* ఖాళీలున్న కాగితంపై సంతకం చేయొద్దు.
* అంగీకారపత్రం నకలు, బిల్లులు దాచుకోండి.
* వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి 2002 నిబంధన. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.