పాట నడుమ శ్రుతి మారితే

హైదరాబాదు - విజయవాడ రహదారి మీద సూర్యాపేట, కోదాడ పట్టణములు ఉన్నవి. ఆ దారి పక్కన నిలబడినవారికి రోజూ ఒక వింత వినబడుతుంది. హారన్ మోగించుకొంటూ వచ్చే బస్సు మనలను సమీపించేంతవరకు ఆ మోత ఒక ఎత్తులో ఉంటుంది. బస్సు దాటిపోగానే అదే మోత దిగిపోతుంది. మిర్యాలగూడ వద్ద పట్టాల పక్కన నిలబడితే, వేగంగా పోయే రైలు కూత కూడా ఇట్లాగే దిగుతుంది. డ్రైవరు హారన్‌ను మార్చలేదు. లోపల కూర్చున్న ప్రయాణికులకు ఏ తేడా తెలియదు. శ్రుతి మారినది బయట వినేవాని చెవికి మాత్రమే.

దీనికి కారణమును 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ సూచించినాడు. ధ్వని పుట్టించే వస్తువు మన వైపు వస్తున్నప్పుడు ధ్వని తరంగములు దగ్గర దగ్గరగా వచ్చి చెవిని తాకుతవి. అనగా సెకనుకు ఎక్కువ తరంగములు అందుతవి. అది దూరమవుతున్నప్పుడు తక్కువ అందుతవి. సెకనుకు ఎన్ని కంపనములో తెలిపే సంఖ్యను పౌనఃపున్యము అంటారు. అది పెరిగితే శ్రుతి హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. 1845లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ ఈ సంగతిని రైలు బండితో పరీక్షించినాడు. బండిలో కొమ్ము వాద్యకారులు ఒకే స్వరమును ఊదుతూ పోగా, పట్టాల పక్కన నిలబడిన సంగీతజ్ఞులు స్వరభేదమును చెవితోనే గుర్తించినారు.

ఎంత దిగుతుందో లెక్క కట్టవచ్చును. గాలి వేడిమి 25 సెంటిగ్రేడు డిగ్రీలు ఉన్నప్పుడు ధ్వని వేగము సెకనుకు సుమారు 346 మీటర్లు. బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల వేగముతో పోతున్నదనుకొందాము. వచ్చేటప్పటి పౌనఃపున్యమునకు, పోయేటప్పటి పౌనఃపున్యమునకు గల నిష్పత్తి 356/336, అనగా 1.0595. హార్మోనియములో పక్కపక్కన ఉన్న రెండు మెట్ల నడుమ గల నిష్పత్తి కూడా సరిగా ఇంతే! బస్సు వేగము 72 కిలోమీటర్లు అయితే హారన్ దాదాపు రెండు మెట్లు దిగుతుంది.

రాగము అదే, చోటు వేరు

హారన్‌లో రెండు స్వరములు కలిసి మ్రోగుతున్నవనుకొందాము. బస్సు దాటినప్పుడు ఆ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతవి. అందుచేత వాటి నడుమ ఉన్న సంబంధము చెడదు. పాట విషయము కూడా ఇంతే. హార్మోనియము మీద ఒకటి శ్రుతిలో షడ్జము 261.6, పంచమము 392.0 కంపనములు. అదే పాటను ఒకటిన్నర శ్రుతిలో పాడితే షడ్జము 277.2, పంచమము 415.3 అవుతవి. సంఖ్యలన్నీ మారినవి, కాని పంచమమును షడ్జముతో భాగిస్తే రెండు చోట్లా ఒకే ఫలితము వస్తుంది. మన చెవి గుర్తుపట్టేది ఈ నిష్పత్తులనే. తల్లి పాడినా, తండ్రి పాడినా పిల్లలు ఒకే పాట అని గ్రహించగలగడానికి కారణమిదే.

అట్లయితే పాట నడుమ శ్రుతి మార్చితే వినేవానికి తేడా తెలియకూడదు గదా అన్న ప్రశ్న వస్తుంది. తెలుస్తుంది. ఏలయనగా మనస్సు నిష్పత్తులతో పాటు, అంతవరకు విన్న ఆధార షడ్జమును కూడా జ్ఞాపకము ఉంచుకొంటుంది. రేపు అదే పాటను ఒక మెట్టు పైన మొదలుపెడితే చాలామందికి తేడా తెలియదు. పాట నడుమ మార్చితే మాత్రము అందరికీ తెలుస్తుంది.

జపాను పాటలలో శ్రుతి మార్పు

ఈ సంగతిని జపాను దేశపు జనరంజక గీతముల స్వరకర్తలు బాగా వినియోగించుకొన్నారు. పాట నడుమ ఆధార షడ్జమును మార్చడమును వారు ‘తెంచో’ అంటారు. 1986లో మిసాతో వతనాబె పాడిన ‘మై రెవల్యూషన్’ ఇందుకు పేరు పొందినది. దానికి స్వరములు కూర్చినది తెత్సుయా కొమురో. 1999లో హికరు ఉతద పాడిన ‘ఫస్ట్ లవ్’ పాటలో చివరిసారి పల్లవి వచ్చేటప్పుడు శ్రుతి పైకి లేస్తుంది. పల్లవి అప్పటికే వినేవారికి అలవాటైపోయి ఉంటుంది. అదే పల్లవి కొత్త ఎత్తులో రాగానే మనస్సు మేలుకొంటుంది. పైగా గాయకులు గొంతును ఇంకొంచెము బిగించి పాడవలసి వస్తుంది. ఆ శ్రమ కంఠధ్వనిలోనే వినబడి, భావము తీవ్రమైనట్లు తోస్తుంది.

ఒక్క మెట్టు మార్పు చిన్నదే అయినా అంత కొట్టవచ్చినట్లు ఎందుకు వినబడుతుంది? ఒకటి శ్రుతిలో శంకరాభరణము వాయించడానికి ఏడు మెట్లు కావలెను. ఒకటిన్నర శ్రుతిలో వాయిస్తే ఆ ఏడింటిలో రెండు మాత్రమే మళ్ళీ పనికివస్తవి. అదే ఐదు శ్రుతికి, అనగా మొదటి పంచమమునకు మారితే ఆరు మెట్లు పాతవే. అందుచేత ఐదు శ్రుతికి మారడము పొరుగింటికి పోయినట్లుంటుంది. ఒక్క మెట్టు ఎక్కడము కొత్త ఊరికి పోయినట్లుంటుంది. జపాను పాటలలో పరిపాటి అయిన ఒక స్వరవరుసలో మధ్యమము, నిషాదము ఉండవు. మన మోహన రాగపు స్వరములు కూడా అవే ఐదు. ఈ వరుసలో కట్టిన పాటను ఒక మెట్టు ఎక్కిస్తే పాత మెట్టు ఒక్కటి కూడా మిగలదు.

మన పద్ధతి

కర్ణాటక సంగీతములో కచేరీ అంతటికీ ఒకే ఆధార షడ్జము ఉంటుంది. తంబుర తీగలు దానినే నిరంతరము మ్రోగిస్తూ ఉంటవి. మృదంగమును కూడా దానికే శ్రుతి చేస్తారు. పాట నడుమ షడ్జమును కదిలించితే వీటినన్నిటిని మళ్ళీ శ్రుతి చేయవలసి వస్తుంది. అయితే మన విద్వాంసులకు వేరొక మార్గము తెలియును. దానిని గ్రహభేదము అంటారు.

దీనిని హార్మోనియము మీద ఎవరైనను పరీక్షించవచ్చును. ఒకటి శ్రుతిలో మోహనము యొక్క స-రి-గ-ప-ద మెట్లను గుర్తు పెట్టుకొనవలెను. మెట్లు మార్చకుండా రిషభమును షడ్జముగా భావించి వాయిస్తే మధ్యమావతి వినబడుతుంది. గాంధారమును షడ్జము చేస్తే హిందోళము, పంచమమును చేస్తే శుద్ధ సావేరి, ధైవతమును చేస్తే శుద్ధ ధన్యాసి వస్తవి. మెట్లు ఐదే, రాగములు ఐదు. శ్రుతి పెట్టెను కూడా ప్రతిసారి కొత్త షడ్జమునకు మార్చితే భేదము స్పష్టముగా తెలుస్తుంది.

జపాను పాటలోని చివరి పల్లవికి, గ్రహభేదమునకు గల తేడా ఇది. మొదటిదానిలో స్వరములన్నీ షడ్జముతో కలిసి కదులుతవి, రాగము నిలుస్తుంది. రెండవదానిలో స్వరములు నిలుస్తవి, షడ్జము కదులుతుంది, రాగము మారుతుంది.

సౌకర్యమునకు చెల్లించే వెల

ఏ మెట్టు నుండి అయినా పాట ఎత్తుకొనే సౌకర్యము ఊరికే రాలేదు. శుద్ధమైన శ్రుతిలో షడ్జ పంచమముల నిష్పత్తి 3/2, అనగా 1.5. రిషభము 9/8, ధైవతము 5/3 అనుకొందాము. ఇప్పుడు రిషభమును షడ్జము చేస్తే పాత ధైవతము కొత్త పంచమము కావలెను. కాని 5/3ను 9/8తో భాగిస్తే 40/27, అనగా 1.481 మాత్రమే వస్తుంది. ఈ లోటు చెవికి స్పష్టముగా తెలుస్తుంది. ఒక షడ్జమునకు శుద్ధముగా శ్రుతి చేసిన వాద్యము మరొక షడ్జమునకు అపశ్రుతి పలుకుతుందన్న మాట.

దీనికి విరుగుడుగా స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా విభజించినారు. పన్నెండు సార్లు హెచ్చిస్తే 2 వచ్చే సంఖ్య 1.0595. ఈ పద్ధతిలో పంచమము 1.4983, దాదాపు శుద్ధమే. కాని అంతర గాంధారము 1.25 కావలసినది 1.26 అవుతుంది. తప్పును అన్ని మెట్లకు సమానముగా పంచినారు. అందుచేత ఏ మెట్టూ మరీ చెడ్డది కాదు. పద్యనాటకములలో నటుల గొంతులను బట్టి శ్రుతి మార్చడానికి హార్మోనియము ఇందువల్లనే అక్కరకు వచ్చినది. అయితే శుద్ధ స్వరములు పలకదనీ, గమకములు రావనీ శాస్త్రీయ సంగీతజ్ఞులు దానిని ఆక్షేపించినారు. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. 1971లో ఆ నిషేధమును సడలించినారు.

పాఠశాలలో దీని ప్రయోజనము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని ఉన్నత పాఠశాలలలోనే కాదు, ఎక్కడైనను బృందగానము నేర్పే ఉపాధ్యాయులకు ఈ లెక్క పనికివస్తుంది. సుమారు 12 నుండి 15 ఏండ్ల మధ్య మగపిల్లలలో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవవుతవి. గొంతు దాదాపు ఒక స్థాయి దిగుతుంది. నిన్న అందిన తారస్థాయి నేడు అందదు, గొంతు పగులుతుంది. తోటివారు నవ్వుతారు, పిల్లవాడు ఇక నోరు విప్పడు. ఇది అతని చేతకానితనము కాదు, శరీరధర్మము.

కాబట్టి పాట మొదలుపెట్టకముందే అందులోని అన్నిటికంటె పై స్వరమును, క్రింది స్వరమును పిల్లలచేత పాడించి చూడవలెను. పై స్వరము అందకపోతే శ్రుతిని రెండు మెట్లు తగ్గిస్తే చాలును. అన్ని స్వరముల పౌనఃపున్యము నూటికి సుమారు 11 పాళ్ళు తగ్గుతుంది, పాట మాత్రము చెడదు. స్కేల్ చేంజర్ హార్మోనియము ఉంటే మెట్ల వరుసను పక్కకు జరిపి, వేళ్ళు మార్చకుండానే ఈ పని చేయవచ్చును. చివరి పల్లవిని ఒక మెట్టు ఎక్కించే ఆలోచన ఉన్నవారు ఆ ఎక్కిన తరువాతి పై స్వరమునే కొలతగా తీసుకొని, మొదటి శ్రుతిని దానికి తగినట్లు నిర్ణయించవలెను. ఎత్తుకొన్న శ్రుతి సరిపడితే తరగతిలో అందరూ పాడగలరు.