నూలు పున్నమి నాడు పరీక్ష

మా యింట్లో చదువుకునే పిల్లలము ముగ్గురము. పెద్దవాడు పూనాలో ఇంజనీరింగు చదువుతున్నాడు. నడిమి అమ్మాయి, చిన్నవాడు షోలాపూరులోనే కాలేజీకి పోతున్నారు. ఈ వ్యాసం ముగ్గురమూ కలిసి కూర్చుని వ్రాసింది కాబట్టి మొదటినుంచీ "మేము" అనే వ్రాశాము. ఇందులో ఏ మాట ఎవరిదో వెదకవద్దని పాఠకులకు మనవి. తెలుగులో తప్పులుంటే మన్నించవలెను. మేము చదివింది మరాఠీ బడిలో. ఈ అక్షరాలు వేసవి సెలవుల్లో తాత పలకమీద దిద్దించినవి.

పోయిన శ్రావణ పున్నమి నాడు కాలేజీలో మాకు పరీక్ష పడింది. సంవత్సరాంతపు పెద్ద పరీక్ష కూడా కాదు, ఇరవై మార్కులది. కాని ఆ ఇరవై మార్కులు మా యింట్లో లేపిన గొడవ అంతా యింతా కాదు.

షోలాపూరు తూర్పు భాగంలో పెరిగినవారికి ఆ రోజు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఊళ్ళోని మరాఠీవారికి అది నారళీ పౌర్ణిమ. మనకు నూలు పున్నమి. మగవాళ్ళు తలంట్లు పోసుకుని కొత్త జంధ్యాలు వేసుకుంటారు, ఆడపిల్లలు అన్నదమ్ములకు రాఖీలు కడతారు. సిద్ధేశ్వర పేటలోని గుడినుంచి మార్కండేయ మహాముని రథం బయలుదేరుతుంది. ఆ రోజు కారఖానాలు బందు. మా సందులో మరమగ్గాల చప్పుడు వింటూనే పళ్ళు తోముకుంటాము, పాఠాలు వల్లె వేస్తాము, నిద్రపోతాము. పున్నమి నాడు మాత్రం ఆ చప్పుడు లేనందుకే తెల్లవారుజామున మెలకువ వస్తుంది. చిన్నప్పుడు పండుగ వచ్చిందని మాకు తెలిసేది ఆ నిశ్శబ్దంతోనే.

పరీక్ష మాట చెప్పగానే బాపమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "మార్కండేయుని కంటె మీ మార్కులు ఎక్కువైనయా?" అన్నది. బాపు ఏమీ అనలేదు. ఆయన పదో తరగతితో చదువు మాని కారఖానాలో చేరినవాడు. పరీక్ష అంటే ఆయనకు భయమూ భక్తీ రెండూ ఎక్కువే. కాసేపటికి, "పోయి రాండ్రి, రథం యాడికి పోతది, మన పేటకే గద వచ్చేది" అన్నాడు.

పోయి వ్రాశాము. మధ్యాహ్నం తిరిగి వస్తుంటే దారి అంతా జనం. ఇక సైకిలు నడవదు. పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని, సైకిలు గోడకు చేరవేసి నిలబడ్డాము. బాజాల వెనక మా పేటవాళ్ళే నడుస్తున్నారు. కొత్త చొక్కాలో బాపును ముందు గుర్తుపట్టలేకపోయాము. నూలు దుమ్ము లేని జుట్టుతో ఆయన్ను వీధిలో చూసి చాలాకాలమయింది. ఆయన మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తాడు. ఎట్లా వ్రాశారని ఆ గోలలోనే సైగ చేసి అడిగాడు.

పూనాలో వున్నవాడికి అదీ దక్కలేదు. పండుగ మరునాడే వాడికి ప్రాక్టికల్స్. వాడి జంధ్యాన్నీ, చెల్లెలు కొన్న రాఖీనీ బాపమ్మ ఒక కాగితంలో చుట్టి మార్కండేయుని పటం కింద మేకుకు తగిలించింది. రెండు వారాలు అది అక్కడే వేలాడింది. చివరకు ఒక శనివారం రాత్రి హుతాత్మ ఎక్స్‌ప్రెస్‌లో వాడు దిగాడు. ఈ బండి పేరును గురించి ఒక మాట. 1931 జనవరి 12న పూనా యెరవాడ జైలులో ఉరి తీయబడిన మన ఊరివాళ్ళు నలుగురు, మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా, వారి జ్ఞాపకార్థం పెట్టిన పేరు అది. నిత్యం ఆ బండిలో తిరిగే విద్యార్థుల్లో ఆ నాలుగు పేర్లు చెప్పగలవారు ఎందరని మా వాడు ఒకసారి పెట్టెలో అడిగి చూశాడట. ఫలితం ఇక్కడ వ్రాయము.

మరునాడు ఆదివారం మా యింట్లో మళ్ళీ పున్నమి జరిగింది. ఆకాశంలో చూస్తే అమావాస్య దగ్గరికి వచ్చింది. అమ్మ మళ్ళీ పూర్ణం ఉడికించి భక్ష్యాలు చేసింది. కాగితంలోని జంధ్యం వాడి మెడలోకి, రాఖీ చేతికి చేరాయి. పక్కింటి అత్త తలుపులోనుంచి తొంగిచూసి నవ్వింది. బాపుకు మాత్రం మనసు ఒప్పలేదు. తిథి అనేది ఒకటుంటుంది కదా అని గొణిగాడు. అప్పుడు బాపమ్మ చెప్పిన సంగతి మేము అంతకుముందు ఎన్నడూ విననిది.

ఆమె సిరిసిల్ల వైపునుంచి కోడలుగా ఈ ఊరికి వచ్చింది. ఆ రోజుల్లో తాత ఇంట్లోనే గుంటమగ్గం మీద నేసేవాడు. ఆమె కండెలు చుట్టేది. వచ్చిన మొదటి యేడు బతుకమ్మ నాటికి సావుకారుకు ఇవ్వవలసిన బట్ట పూర్తి కాలేదు. అమావాస్యనాడు ఎత్తవలసిన బతుకమ్మను ఆమె ఎత్తలేదు. నాలుగో రోజున చేతిలో నాలుగు డబ్బులు పడితే బంతిపూలు కొని, వాడకట్టులో తనలాంటి కోడళ్ళు నలుగురిని పోగుచేసి ఆడింది. "సావుకారు కోసం గౌరమ్మ ఆగింది, మనుమని కోసం మార్కండేయుడు ఆగడా?" అన్నది. బాపు మళ్ళీ నోరెత్తలేదు.

ఆ మాట మా మనసులో చాలా రోజులు తిరిగింది. మా పండుగలు అనాదిగా ఒకే తీరున సాగి, మేము కాలేజీకి పోవడంవల్లనే చెడిపోతున్నాయని అనుకునేవాళ్ళము. పెద్దలు కూడా అట్లాగే అంటారు. కాని మన తాతముత్తాతలు నైజాం రాజ్యంలోని కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ఊళ్ళనుంచి మగ్గం పని వెదుక్కుంటూ ఇక్కడికి వచ్చినప్పుడే సగం పండుగలు వెనక ఉండిపోయాయి. ఊరి పొలిమేర పోచమ్మను ఎవరు మూట కట్టుకుని రాగలరు? బదులుగా కొత్తవి వచ్చి చేరాయి. సంక్రాంతి అంటే మాకు ముగ్గుల కంటె ముందు గుర్తుకు వచ్చేది సిద్ధేశ్వరుని గడ్డా జాతర, ఆకాశానికి తగిలే ఏడు నందిధ్వజాలు, సమ్మతి కట్ట దగ్గర పెళ్ళి అక్షతలు. కుమ్మరి కన్య సిద్ధరామేశ్వరుని యోగదండాన్ని పెళ్ళాడిన కథను మా బాపమ్మ తన పుట్టింటి కథలాగే చెబుతుంది. ఆమె పుట్టింట ఆ కథ ఎవరూ విని ఉండరు.

అయితే ఒక చిక్కు మాత్రం నిజంగా కొత్తది. వెనుక ఇంట్లో అందరినీ ఆపేదీ వదిలేదీ ఒకటే, మగ్గం. మగ్గం ఆగితే తాతా బాపమ్మా పిల్లలూ అందరికీ ఒక్కసారే తీరిక. ఇప్పుడు బాపుది కారఖానా లెక్క, అమ్మది బీడీల లెక్క, మాది విశ్వవిద్యాలయం లెక్క. షోలాపూరులో దయానంద్ కాలేజీ 1940లో, సంగమేశ్వర్ కాలేజీ 1953లో మొదలయ్యాయి. 2004లో ఊరికే సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు మన కాలేజీలు కొల్హాపూరులోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చినంతమాత్రాన నూలు పున్నమి దానికి తెలిసిపోదు కదా.

దసరా సంగతి ఇంకా చిత్రం. కరీంనగరంలోని మా మేనమామ పిల్లలకు పెద్ద సెలవులు దసరాకు. 2014నుంచి తెలంగాణలో బతుకమ్మ రాష్ట్ర పండుగ కూడా అయింది. మహారాష్ట్రలో పెద్ద సెలవులు దీపావళికి. వాళ్ళు రమ్మన్నప్పుడు మాకు కాలేజీ, మేము పోయేసరికి వాళ్ళకు కాలేజీ. అయిదారేళ్ళుగా మేనత్త పిల్లలమూ మేనమామ పిల్లలమూ ఒక్క పండుగకైనా ఒక పంక్తిలో కూర్చోలేదు. టెలిఫోనులో బొమ్మలు కనబడతాయి, నిజమే. సద్దుల బతుకమ్మనాటి సత్తుపిండి దానిలోనుంచి రాదు.

మా కాలేజీలో నవరాత్రులకు మరాఠీ అమ్మాయిలు భోండ్లా ఆడతారు. నడుమ ఏనుగు బొమ్మ పెట్టి చుట్టూ తిరుగుతూ పాడతారు. ఆ పాటల్లోనూ అత్తాకోడళ్ళే. మాలోని అమ్మాయి అందులో చేరి ఆడి వచ్చి ఇంట్లో చెప్పింది. బాపమ్మ, "వాళ్ళ నడుమల ఏనుగు, మన నడుమల పూలు. తిరుగుడైతె ఒక్కటే" అని తేల్చేసింది. ఆ తరువాత, "మరి మన పాట ఒకటన్న వాళ్ళకు చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదు. చెప్పడానికి ఒక్క పాటైనా మొదటినుంచి చివరిదాకా మాకు రాదు. సిగ్గయింది.

అందుకే పోయిన దీపావళి సెలవుల్లో మేము ముగ్గురమూ ఒక పని పెట్టుకున్నాము. మా యింట్లో మగ్గం ఉండిన గదిలోనే ఇప్పుడు మా చదువు. పెద్దవాడు పూనా పోయేముందు మగ్గం విప్పి అమ్మేశారు. గుంటను మట్టితో పూడ్చి పైన బండలు పరిచారు. వర్షాకాలంలో ఆ బండలు కొద్దిగా కుంగుతాయి, మేజా ఒక పక్కకు ఒరుగుతుంది. కాలికింద ముక్క పెట్టి సర్దుకుంటాము. మగ్గం డబ్బు మొదటి యేడు ఫీజుకు చాలలేదు. తక్కినది అమ్మ బీడీలనుంచి వచ్చింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. మా ఫీజు రసీదును చిన్నవాడు ఒకసారి బీడీలలోకి మార్చి లెక్క కట్టాడు. ఆ అంకె చూసి కాగితం చింపేశాడు. అమ్మకు చూపలేదు.

ఆ గదిలో సాయంత్రాలు బాపమ్మను కూర్చోబెట్టి పాటలు పాడించుకున్నాము. అమ్మ ఆకు కత్తిరిస్తూ ఉయ్యాలో అని వంత పాడేది. బాపమ్మ పాడేది ఆగితే వెనక్కి పోలేదు. మళ్ళీ మొదటినుంచే పాడాలి. ఆమెకు పాట అంటే పడుగు లాంటిది, నడుమ ఎక్కడో పట్టుకుంటే పోగు దొరకదు. టెలిఫోనులో గొంతు పట్టాము, నోటుబుక్కులోనూ వ్రాశాము. చిన్నవాడికి తెలుగు అక్షరాలు వేగంగా రావు. వాడు వ్రాసిన పుటలన్నీ మరాఠీ లిపిలో తెలుగు పాటలే. తాత బ్రతికివుంటే పలక తీసేవాడు. బాపమ్మకు ఏ లిపీ రాదు కనుక ఆమె రెండింటినీ ఒకే తీరున వేలితో తడిమి, "అంత వచ్చిందా?" అని అడిగింది.

పదకొండు పాటలు వచ్చాయి. ఈ యేడు సద్దులనాడు కాలేజీ ఉన్నా లేకపోయినా, సాయంత్రం అమ్మ బీడీలు ఇచ్చి వచ్చిన తరువాతనే మా వాడకట్టులో ఆట మొదలు పెట్టాలని ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు. పెద్దవాడు రాలేడు. రాలేనని ముందే చెప్పాడు, బాపమ్మ కూడా, "నీకు దీపావళికి ఎత్తుత తీ" అన్నది.

పాఠకులను ఒకటి అడగవలసి ఉంది. కోడలు పుట్టింటికి పోవడానికి అత్తనూ మామనూ బావనూ వరుసగా సెలవు అడిగే పాట ఒకటి పెద్దలందరికీ తెలుసు. దానిలో బావను అడిగిన తరువాత రెండు చరణాలు బాపమ్మకు జ్ఞాపకం రావడం లేదు. మూడుసార్లు మొదటినుంచి పాడింది, మూడుసార్లూ అక్కడే ఆగింది. మీ యిళ్ళల్లో ఎవరికైనా వస్తే వ్రాసి పత్రికకు పంపగలరు. ఏ లిపిలో పంపినా సరే.