తీగ రాని చోటు

తోట ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించిన ఏడాది, డిసెంబరులో ఒకరోజు. పొద్దున తొమ్మిదైంది. మబ్బు తునక లేదు, ఎండ బాగానే కాస్తోంది. కానీ చార్జ్ కంట్రోలర్ మీద అంకె రావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. తీగలు ఊడాయేమోనని డాబా ఎక్కి చూశాను. ఆగ్నేయం మూల గట్టు మీది కొబ్బరిచెట్టు మట్ట ఒకటి నాలుగు ప్యానెళ్ల కింది అంచుల మీదుగా అడ్డంగా నీడ పరిచింది. జానెడు వెడల్పు నీడ! వానాకాలం అంతా అది డాబా దాకా రాలేదు. సూర్యుడు దక్షిణానికి వాలేసరికి వచ్చి పడింది. మట్ట కొట్టించాక అంకె మళ్లీ ఎప్పటి చోటికి చేరింది.

జానెడు నీడ అంత పని ఎందుకు చేసిందంటే, ప్యానెల్ అంటే ఒకే పలక కాదు. అరచేయంత సిలికాన్ బిళ్లలు డజన్ల కొద్దీ ఒకదాని వెనక ఒకటి కలిపిన వరుస. ఒక్కో బిళ్ల ఇచ్చేది సుమారు అర వోల్టు. బావి దగ్గర మనుషులు వరసగా నిలబడి బిందెలు అందించుకుంటున్నారనుకోండి. మధ్యలో ఒక్కడు చేతులు కట్టుకుంటే పై నుంచి వచ్చే బిందెలన్నీ అక్కడే ఆగుతాయి. నీడ పడిన బిళ్లా అంతే. అలాంటి చోట కరెంటును పక్కదారి పట్టించడానికి ప్యానెల్ వెనక పెట్టెలో డయోడ్లు ఉంటాయి. కాకపోతే పక్కదారి పట్టినప్పుడు ఆ వరుసలో మంచి బిళ్లల కష్టం కూడా లెక్కలోంచి పోతుంది. అందుకే సోలార్ ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ముందు చెట్ల నీడలు చూసుకోవాలి, అదీ చలికాలంలో.

ఆ అర వోల్టు వెనక శతాబ్దం పైబడిన కథ ఉంది. వెలుగు పడితే కరెంటు పుడుతుందని 1839లో ఎడ్మండ్ బెకెరెల్ అనే ఫ్రెంచి కుర్రవాడు తండ్రి ప్రయోగశాలలో గమనించాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చని బంగారు రేకు పరిచి సోలార్ సెల్ చేశాడు. దాని మీద పడిన వెలుగులో నూటికి ఒక వంతు కరెంటుగా మారడం కూడా కష్టమే. మరో 70 ఏళ్లు ఆ సంగతి అక్కడే నిలిచిపోయింది.

దాన్ని కదిలించింది టెలిఫోన్ కష్టం. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశాల్లో టెలిఫోన్ పరికరాలకు పెట్టిన బ్యాటరీలు తొందరగా పాడైపోయేవి. వాటికి బదులు ఏం వాడవచ్చో చూడమని బెల్ ల్యాబ్స్‌లో డేరిల్ చాపిన్‌కు పని అప్పగించారు. ఆయన సెలీనియంతో కుస్తీ పడుతుంటే, సిలికాన్ మీద పనిచేస్తున్న జెరాల్డ్ పియర్సన్ దాన్ని వదిలేసి సిలికాన్ పట్టుకోమన్నాడు. సిలికాన్‌లోకి ఇతర మూలకాలను లేశమాత్రం, కావలసినంత లోతుకు ఇంకించే విద్య కాల్విన్ ఫుల్లర్‌కు తెలుసు. ముగ్గురూ కలిశారు. 1954 ఏప్రిల్ 25న, ఎండకు నూటికి ఆరు వంతులు కరెంటు చేసే సెల్‌ను లోకానికి చూపించారు. ఆ కరెంటుతో ఒక బొమ్మ జెయింట్ వీల్ గిర్రున తిరిగింది.

నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి, సోలార్ సెల్ పుట్టిందే తీగ రాని చోటి కోసం కావడం. తర్వాత కూడా అది అలాంటి చోట్లకే వెళ్లింది. 1958 మార్చిలో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం మీద రోదసికెక్కింది. అందులో మామూలు బ్యాటరీతో నడిచే రేడియో ఆ జూన్‌లోనే మూగబోయింది. సోలార్ రేడియో 1964 దాకా పలికింది. 1970ల్లో ఎలియట్ బెర్మన్ ధర బాగా తగ్గించాక, సముద్రం మధ్య చమురు వేదికల దీపాలకు చేరింది. పల్లె పొలం గట్టు మీదికి ఇంత చవకగా రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ఇవాళ బజారులో దొరికే మంచి ప్యానెల్ నూటికి ఇరవై వంతులు దాటి ఇస్తోంది.

అయితే ఎండ దండిగా ఉంటే చాలనుకుంటే పొరపాటు. సిలికాన్‌కు వెలుగు కావాలి కానీ వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున దిగుబడి పడిపోతుంది. మన మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిందంటే 16 శాతం పోయినట్టే. డాబాకు అంటించినట్టు పరచకుండా, కింద గాలి ఆడేలా ఎత్తు మీద బిగించమనేది అందుకే. దక్షిణానికి పదహారు పదిహేడు డిగ్రీలు వాల్చమనేది మాత్రం ఎండ సూటిగా పడటానికి.

ఇంత చేసినా ప్యానెల్ పగటి యంత్రమే. తీగ లేని ఇల్లు నడిచేది రాత్రి లెక్క మీద. ఎన్ని ప్యానెళ్లు కావాలని అడిగేముందు, చీకటి పడ్డాక ఇంట్లో ఏమేం తిరుగుతాయో రాసుకోవాలి. మాకు పెద్ద పద్దు ఫ్యాన్లది. పాత రకం ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. మూడు ఫ్యాన్లు, పది గంటలు: రెండుంపావు యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 28 వాట్లు చాలు. లోపల అయస్కాంతంతో తిరిగే ఆ మూడింటికీ ఒక యూనిట్ లోపే. రాత్రికి దాదాపు ఒకటిన్నర యూనిట్ మిగులు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అందులో సగమే వాడుకుంటే అది పదికాలాలు ఉంటుంది. ముసురు పట్టినా రెండు రాత్రులు గడవాలని లెక్కేస్తే, మూడు ఫ్యాన్లు మార్చినందుకు మూడు బ్యాటరీలు కొనే పని తప్పింది. దీపాలు, ఫ్రిజ్, టీవీ కలుపుకొన్నా రాత్రికి 1.7 యూనిట్లు దాటలేదు. నాలుగు బ్యాటరీలతో సరిపెట్టగలిగాం. గీజర్‌ను మాత్రం గుమ్మం తొక్కనివ్వలేదు. అరగంట తిరిగితే ఒక యూనిట్ మింగుతుంది. నీళ్లు కాగడానికి డాబా మీద సోలార్ హీటర్ ఉంది, వేడిని వేడిగానే వాడుకోవచ్చు.

ఉక్కపోత తగ్గితే ఫ్యాన్ వేగమూ తగ్గుతుంది. అందుకే డాబాకు ఏటా ఫాల్గుణంలో సున్నం కొట్టిస్తాం. పడమటి గోడకు వసారా దించాం, దాని ముందు వేప ఉంది. పాత ఇళ్లలో మన తాతలు చేసిన పనే ఇది.

బ్యాటరీ విషయంలో నాకు ఒక బాధ ఉంది. 1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులను మధ్యలో రబ్బరు పెట్టి చుట్టగా చుట్టి, పల్చని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచినప్పుడు పుట్టిన యంత్రం అది. వాడుతున్న కొద్దీ లోపలి యాసిడ్ నీళ్లుగా మారుతూ, పలకల మీద సీసపు సల్ఫేట్ పేరుకుంటుంది. చార్జ్ చేస్తే కరిగిపోతుంది. వెంటనే చార్జ్ చేయకపోతే గట్టిపడి, ఇక కరగదు. మా మొదటి సెట్ బ్యాటరీలు ఒక తుపాను వారంలో అలాగే పోయాయి. ముసురులో రెండు రాత్రులకని పెట్టుకున్నదాన్ని నాలుగు రాత్రులు వాడి, ఇల్లు తాళం వేసి ఊరెళ్లాను. వచ్చి చూస్తే యాసిడ్ చిక్కదనం చెప్పే గ్రావిటీ అంకె 1150 కంటే కిందికి పడిపోయి ఉంది. నిండిన బ్యాటరీకి అది 1250 దగ్గర ఉండాలి. ఎంత చార్జ్ పెట్టినా లేవలేదు. ఆ రోజు నుంచి ప్రతి పదిహేను రోజులకూ హైడ్రోమీటర్ పట్టుకుని నేనే చూస్తాను. గాజు గొట్టంలో తేలే బుడ్డి ఎక్కడ నిలిచిందో పుస్తకంలో రాస్తాను. డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పోస్తాను.

పదకొండు కాగానే బ్యాటరీలు నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చే ఎండంతా పని మీదికే. బావి మోటారు అప్పుడు వేస్తాం. మా ఆవిడ దోసెల పిండి గ్రైండర్‌లో వేసేదీ ఆ వేళకే. మబ్బు కమ్మిన రోజు మాత్రం పప్పు నానబెట్టదు.